వయసు లెక్క, పని లెక్క

మృగశిర కార్తె రాకముందే విత్తనం సిద్ధం చేసుకుంటారు. నారు ఎప్పుడు పోయాలి, నాటు ఎప్పుడు వేయాలి, కలుపు ఎప్పుడు తీయాలి అన్నది పల్లెలో ప్రతి స్త్రీకీ తెలుసు. అదను తప్పితే పంట పోతుందనీ తెలుసు.

పొలానికి అదను ఉన్నట్టే, మనిషి చేసే పనికి కూడా అదను ఉంటుంది. కానీ ఆ లెక్క చూసుకునే అలవాటు చాలామందికి లేదు.

ఇరవై ఏళ్ల వయసులో రోజంతా నడుం వంచి నాటు వేసిన మనిషి, నలభై అయిదేళ్లు వచ్చేసరికి మధ్యాహ్నానికే నడుం పట్టుకుంటుంది. ఇంకో పక్క ఊళ్లోకి కోత మిషను వస్తుంది. వరికోత కూలి తగ్గిపోతుంది. అప్పుడు ఆమె, "ఇంకేదైనా పని ఉంటే చెప్పండి" అని నలుగురినీ అడుగుతుంది. వాళ్లు ఎదురు అడిగేవి మూడే ప్రశ్నలు.

"ఏం పని వచ్చు? వయసెంత? కాగితాలు ఉన్నాయా?"

ఈ మూడింటికీ జవాబు ఒక్క రోజులో తయారు కాదు. వాన రాకముందే ఇల్లు కప్పుకోవాలి. పని కావలసిన రోజు రాకముందే పనికి సిద్ధం కావాలి.

ఏం పని వచ్చు?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది స్త్రీలు, "నాకేం వచ్చు? ఇంటి పని, కూలి పని, అంతే" అంటారు. అది నిజం కాదు. ఒక కాగితం తీసుకుని, ఉదయం లేచింది మొదలు చేసే పనులన్నీ రాస్తే తెలుస్తుంది.

పెళ్లిలో వందమందికి వండిన మనిషికి సరుకుల అంచనా తెలుసు. పొదుపు సంఘం పుస్తకం రాసే మనిషికి లెక్క తెలుసు, బ్యాంకులో మాట్లాడడం తెలుసు. ఇద్దరు పిల్లలను పెంచిన తల్లికి పసిపిల్లల సంగతి తెలుసు. గేదెను సాకే మనిషికి పశువుకు ఏ జబ్బు వస్తే ఎలా ఉంటుందో తెలుసు. జాకెట్టు కుట్టే మనిషికి కొలతలు తెలుసు.

ఇవన్నీ పని నేర్పే. వీటికి కాగితం లేదు, అంతే. రాసుకున్న ప్రతి పని పక్కన ఎన్నేళ్లుగా చేస్తున్నదో కూడా రాసుకోవాలి. "వంట వచ్చు" అనడం వేరు. "నాలుగేళ్లుగా బడిలో రోజూ 60 మంది పిల్లలకు వండుతున్నాను" అనడం వేరు. రెండో మాటకు విలువ ఎక్కువ.

వయసెంత?

చాలా ఉద్యోగాలకు వయసు హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితే ఎంత నేర్పు ఉన్నా దరఖాస్తు తీసుకోరు.

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అంగన్‌వాడీ టీచరు పనికి ఆ ఊళ్లో ఉంటున్న, పెళ్లయిన స్త్రీని తీసుకుంటారు. వయసు మామూలుగా 35 ఏళ్ల లోపు ఉండాలి. చదువు కొన్నిసార్లు పదో తరగతి అడుగుతారు, కొన్నిసార్లు ఇంటర్ అడుగుతారు. ప్రకటన వచ్చినప్పుడు అందులో ఏం రాసి ఉందో చదువుకోవాలి.

ఆశా కార్యకర్తల పథకం 2005లో వచ్చింది. దీనికి 25 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న, ఆ ఊరి స్త్రీలకే మొదటి అవకాశం. పదో తరగతి చదివినవారికి మొగ్గు ఉంటుంది. అయితే ఆశాకు వచ్చేది నెల జీతం కాదు, పారితోషికం. ఆ తేడా ముందే తెలుసుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చూడాలి. ఒక స్త్రీకి 29 ఏళ్లు అనుకుందాం. ఆమె చదవడం, రాయడం బాగా నేర్చుకుంది. పదో తరగతికి రెండేళ్లు పట్టిందనుకుంటే ఆమెకు 31 వస్తాయి. ఇంటర్‌కు ఇంకో రెండేళ్లు అనుకుంటే 33. అప్పటికి అంగన్‌వాడీ వయసు హద్దుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉంటాయి.

అదే స్త్రీ, "పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం" అని 32 ఏళ్లకు మొదలుపెట్టిందనుకుందాం. ఇంటర్ అయ్యేసరికి 36 వస్తాయి. చదువు చేతికొచ్చింది, కానీ ఆ తలుపు మూసుకుపోయింది. ఆశా పనికి తలుపు ఇంకా తెరిచే ఉంటుంది.

మూడేళ్ల ఆలస్యం చూడడానికి చిన్నదే. కానీ ఒక ఉద్యోగం దానివల్లే పోతుంది. అందుకే వయసు లెక్క వేయాలి. అలాగని వయసు దాటినవారు దిగులు పడనక్కరలేదు. వయసు హద్దు లేని పనులు కూడా ఉన్నాయి. వాటికి నేర్పు కావాలి.

బడి మానేసినవాళ్లకు పదో తరగతి ఎలా?

దీనికి ఓపెన్ స్కూలు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓపెన్ స్కూలు సొసైటీ 1991లో మొదలైంది. తెలంగాణ వచ్చాక అక్కడ వేరే సొసైటీ ఏర్పడింది. 14 ఏళ్లు నిండినవారు ఎవరైనా పదో తరగతికి చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. యాభై ఏళ్ల స్త్రీ కూడా పరీక్ష రాయవచ్చు. బడికి ఎప్పుడూ వెళ్లకపోయినా, చదవడం రాయడం వస్తే చేరవచ్చు.

రోజూ తరగతికి వెళ్లనక్కరలేదు. ఇంటి దగ్గర చదువుకుని, సెలవు రోజుల్లో కేంద్రానికి వెళితే చాలు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాస్ కావాలని కూడా లేదు. ఈసారి రెండు, వచ్చేసారి మూడు రాసుకోవచ్చు. ఈ సర్టిఫికెట్టు మామూలు బడి పదో తరగతితో సమానం.

ఒక్క జాగ్రత్త ఉంది. దరఖాస్తులో రాసిన పుట్టిన తేదీయే పదో తరగతి సర్టిఫికెట్టు మీద అచ్చవుతుంది. బతికినంత కాలం అదే రుజువు అవుతుంది. కాబట్టి ఆ తేదీని ఎవరో తోచినట్టు రాయకుండా చూసుకోవాలి.

నేర్పు పెంచుకునే చోటు ఎక్కడ?

చదువు ఒక దారి. చేతిపని ఇంకో దారి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలను జిల్లాల్లో బ్యాంకులు నడుపుతున్నాయి. ఇలాంటి మొదటి సంస్థ 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది. ఇక్కడ కుట్టుపని, పాడి, తినుబండారాల తయారీ వంటివి నేర్పుతారు. శిక్షణ, వసతి, భోజనం అన్నీ ఉచితం.

జీతం మీద ఉద్యోగం కావాలనుకునే పల్లె యువతకు దీన్ దయాళ్ ఉపాధ్యాయ పథకం కింద ఉచితంగా శిక్షణ ఇస్తారు. ఇది 2014లో వచ్చింది. దీనికి వయసు 15 నుంచి 35 ఏళ్లు. స్త్రీలకు మాత్రం 45 ఏళ్ల దాకా అవకాశం ఉంది. వివరాలు మండల మహిళా సమాఖ్యలో అడగాలి.

చేరే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పనికి చుట్టుపక్కల గిరాకీ ఉందా? ఊళ్లో ఇప్పటికే పదిమంది కుట్టుమిషన్లు పెట్టుకుంటే, పదకొండో మిషనుకు పని దొరుకుతుందా? నేర్చుకోవడానికి ముందే ఈ సంగతి చూసుకోవాలి.

కాగితాలు ఉన్నాయా?

పని చేజారేది చాలాసార్లు ఇక్కడే.

పెళ్లికి ముందు పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక అత్తింటి ఇంటిపేరు. బడి కాగితంలో ఒక పేరు, రేషను కార్డులో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. మనిషి ఒక్కరే. కానీ ఆఫీసులో కాగితం చూసేవారికి ముగ్గురు మనుషులుగా కనిపిస్తారు.

అందుకని ముందుగా అన్ని కాగితాలూ ఒక చాప మీద పరిచి చూసుకోవాలి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నింటిలోనూ ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవాలి. ఆధార్ కార్డులో పుట్టిన తేదీని ఒకసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కాబట్టి సరైన రుజువు చేతిలో పెట్టుకుని వెళ్లాలి.

సిద్ధంగా ఉండవలసిన కాగితాలు ఇవి:

ఆధార్ కార్డు.
చదువు సర్టిఫికెట్టు. ఎంత చదివితే అంతవరకు.
కులం, నివాసం సర్టిఫికెట్లు. ఇవి మీ సేవలో దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి.
సొంత పేరు మీద బ్యాంకు పాసుపుస్తకం.
నాలుగు పాస్‌పోర్టు సైజు ఫోటోలు.
శిక్షణ పొంది ఉంటే ఆ సర్టిఫికెట్టు.

అన్నింటికీ రెండేసి జిరాక్సులు తీయించాలి. అసలు కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి పైకప్పు కారని చోట దాచుకోవాలి. పని ఇచ్చేవారికి జిరాక్సులే ఇవ్వాలి. అసలువి చూపించి వెనక్కి తీసుకోవాలి. "అసలు సర్టిఫికెట్టు మా దగ్గరే ఉండాలి" అని ఎవరైనా అంటే, ఎందుకో అడగాలి. కాగితాలు వాళ్ల చేతిలో ఉంటే, నచ్చకపోయినా ఆ పని వదిలి రావడం కష్టం.

పని సంగతి ఎలా తెలుస్తుంది?

పని ఉందన్న కబురు ఎక్కువగా మనుషుల ద్వారానే వస్తుంది. కాబట్టి పని కావాలని పదిమందికీ చెప్పాలి. సిగ్గు పడితే పని జరగదు. సంఘం సమావేశంలో చెప్పాలి. ఇప్పటికే అక్కడ పని చేస్తున్న వదిననో, చెల్లినో అడగాలి. పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ, బడి గోడల మీద అతికించే ప్రకటనలు చదవాలి. చదువు వచ్చింది అందుకే.

జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు రాయించుకోవచ్చు. 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ ఉద్యోగ సేవలో కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. రెండింటికీ డబ్బు కట్టనక్కరలేదు.

దరఖాస్తు ఎలా రాయాలి?

దరఖాస్తు పొడుగ్గా ఉండనక్కరలేదు. ఎవరికి, ఎందుకు, ఎవరు, ఏం వచ్చు అన్న నాలుగు సంగతులు ఉంటే చాలు. ఈ కింది నమూనా చూడండి.

తేదీ: ..........

హాస్టల్ వార్డెన్ గారికి,

విషయం: వంట పని కోసం దరఖాస్తు.

అయ్యా,
నా పేరు .......... నా వయసు ...... ఏళ్లు. మాది .......... గ్రామం, .......... మండలం. నేను ...... తరగతి పాసయ్యాను. మా ఊరి బడిలో 4 ఏళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్నాను. సరుకుల లెక్క కూడా రాస్తాను. మీ హాస్టల్‌లో వంట మనిషి కావాలని తెలిసింది. ఆ పని నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నా సర్టిఫికెట్ల జిరాక్సులు జతపరుస్తున్నాను.

ఇట్లు,
(సంతకం)
సెల్ నంబరు: ..........

ఎవరో రాసిపెట్టిన దాని కింద వేలిముద్ర వేయడం కన్నా, సొంత చేత్తో రాసిన నాలుగు ముక్కలకు బలం ఎక్కువ. రాశాక ఒకసారి పైకి చదువుకోవాలి. ఒక జిరాక్సు తన దగ్గర ఉంచుకోవాలి.

మాట్లాడడానికి పిలిచినప్పుడు

పిలిచిన టైము కన్నా అరగంట ముందే వెళ్లాలి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రానిది వచ్చని చెప్పకూడదు. వచ్చినది దాచుకోనూ కూడదు. ఒక బట్టల ఫ్యాక్టరీలో ఇలా అడగవచ్చు.

"ఏం పని వచ్చమ్మా?"

"కుట్టుపని వచ్చు సార్. మూడేళ్లుగా ఇంటి దగ్గర జాకెట్లు కుడుతున్నాను. కరెంటు మిషను మీద అలవాటు లేదు. చూపిస్తే నేర్చుకుంటాను."

"పిల్లలున్నారు కదా, రోజూ రాగలవా?"

"చిన్నవాణ్ణి మా అత్తమ్మ చూసుకుంటుంది సార్. ఏడింటికి మా ఊరి నుంచి బస్సు ఉంది. రాగలను."

ఈ రెండో జవాబు ఫ్యాక్టరీలో పుట్టదు, ఇంట్లో పుట్టాలి. పనికి వెళ్లే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. నీళ్లు ఎవరు పట్టాలి? పిల్లలను బడికి ఎవరు పంపాలి? పొద్దుటి వంటలో ఎవరు సాయం చేయాలి? ఇంటి పని అంతా మునుపటిలాగే ఆమె మీదే ఉంటే, బయటి పని నాలుగు నెలలు కూడా నిలవదు.

ఆమె కూడా కొన్ని అడిగి తెలుసుకోవాలి. అడగడం తప్పు కాదు.

జీతం ఎంత? నెలలో ఏ తేదీన ఇస్తారు?
ఎన్ని గంటల పని? ఎక్కువ గంటలు చేస్తే ఎంత ఇస్తారు?
నియామక పత్రం ఇస్తారా?
పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా?
ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా? పొద్దుపోతే ఇంటికి వెళ్లే బండి ఉందా?

ఒకే పనికి ఆడవారికి తక్కువ, మగవారికి ఎక్కువ జీతం ఇవ్వడం నేరం. సమాన వేతనం కోసం 1976లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు అది 2019 నాటి వేతనాల చట్టంలో కలిసింది. ఈ కొత్త చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట కాన్పు సెలవు కూడా హక్కే. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు జీతంతో సెలవు ఉంది. అంతకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. ఈ సంగతి తెలియక ఎందరో కాన్పుకు ముందు పని మానేస్తారు. మళ్లీ మొదటి నుంచి పని వెతుక్కుంటారు.

డబ్బు అడిగితే ఆగాలి

"ఉద్యోగం ఇప్పిస్తాను, ముందు ఇరవై వేలు కట్టు" అనే మాట వింటే అక్కడే ఆగాలి. ఆ డబ్బు కోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాళ్లు ఉన్నారు. డబ్బు పోతుంది, పని రాదు.

కువైట్, దుబాయి లాంటి దేశాలకు ఇంటి పనికి వెళ్లే స్త్రీలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలి. ప్రభుత్వం నడిపే సంస్థ ద్వారానే వెళ్లాలి. ఈ పని చూడడానికి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికి పోయాక మార్పిస్తాం" అంటే నమ్మకూడదు. విజిట్ వీసా చూడడానికి వెళ్లేవారికి, పనికి వెళ్లేవారికి కాదు. దాని మీద పని చేస్తే అక్కడి చట్టం కాపాడదు.

పని చోట వేధించినా, మోసం చేసినా 181 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది మహిళల కోసం ఉన్న నంబరు.

ఒళ్లు అలిసిన రోజుకు

పని లెక్కలో చివరి భాగం ముసలితనం. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట పి.ఎఫ్. ఉంటుంది. జీతంలో నూటికి 12 రూపాయలు పట్టుకుంటారు. యజమాని కూడా అంతే కలపాలి. పదేళ్లు అలా జమయితే 58 ఏళ్లకు పెన్షను వస్తుంది. ఒక చోట మూడేళ్లు, ఇంకో చోట ఏడేళ్లు చేసినా కలుస్తుంది. కాకపోతే కొత్త చోట పాత పి.ఎఫ్. నంబరే ఇవ్వాలి. ఆ 12 అంకెల నంబరును ఇంట్లో రెండు చోట్ల రాసిపెట్టుకోవాలి. పని మానేసిన వెంటనే ఆ డబ్బంతా తీసేసుకుంటే పెన్షను లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కూలి చేసుకునేవారికి 2015లో వచ్చిన అటల్ పెన్షన్ పథకం ఉంది. 18 నుంచి 40 ఏళ్లవారు బ్యాంకులో చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవారికి ఇది లేదు. 60 ఏళ్లు దాటాక నెలకు 1000 రూపాయలు రావాలంటే ఎంత కట్టాలో చూడండి.

18 ఏళ్లకు చేరితే నెలకు 42 రూపాయలు. మొత్తం కట్టేది 21,168 రూపాయలు.
30 ఏళ్లకు చేరితే నెలకు 116 రూపాయలు. మొత్తం 41,760 రూపాయలు.
40 ఏళ్లకు చేరితే నెలకు 291 రూపాయలు. మొత్తం 69,840 రూపాయలు.

వచ్చే పెన్షను ముగ్గురికీ ఒకటే. ఆలస్యంగా చేరినామె మూడింతలకు పైగా కడుతుంది. వెయ్యి రూపాయలతో బతుకు గడవదు నిజమే. ఇంకా ఎక్కువ కడితే 5000 దాకా పెన్షను పొందవచ్చు. చిన్న మొత్తమైనా సొంత పేరు మీద ప్రతి నెలా వస్తే, మందుల కోసం ఎవరి ముందూ చెయ్యి చాపనక్కరలేదు.

ఒక్క కాగితం చాలు

ఇదంతా రాసుకోవడానికి నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. దాన్ని మూడు భాగాలు చేయాలి. ఈ ఏడాది ఏం చేయాలి? అయిదేళ్లలో ఏం కావాలి? అరవై ఏళ్లకు చేతిలో ఏం ఉండాలి? ఒక్కొక్క దాని పక్కన తన వయసు వేసుకోవాలి. ఉగాదికి ఒకసారి ఆ పేజీ తీసి చూసుకోవాలి. అయిన దాని మీద గీత కొట్టాలి. కానిదాన్ని మళ్లీ రాసుకోవాలి.

అనుకున్నవన్నీ జరగకపోవచ్చు. వానలు కూడా ప్రతి ఏడూ అనుకున్నట్టు రావు. అలాగని నారు పోయడం ఎవరూ మానరు.

కేంద్రంలో చర్చించండి

1. మీకు వచ్చిన పనులు అయిదు రాయండి. ఒక్కొక్కటి ఎన్నేళ్లుగా చేస్తున్నారు?
2. మీ కాగితాలన్నింటిలో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా?
3. పదో తరగతికి ఈ ఏడాదే చేరితే, ఇంటర్ అయ్యేసరికి మీకు ఎన్నేళ్లు వస్తాయి?
4. మీ ఊళ్లో ఒకే పనికి ఆడవారికి, మగవారికి ఇచ్చే కూలి ఎంతెంత?
5. పైన ఉన్న దరఖాస్తు నమూనా చూసి, మీకు నచ్చిన పని కోసం ఒక దరఖాస్తు రాయండి.